పదిమంది పూచీ

మగవాడు అప్పు తెస్తే అవసరమంటారు, ఆడది తెస్తే కొంప గుల్ల చేస్తోందంటారు. ఇంతకీ ఒకప్పుడు ఆడదాన్ని నమ్మి అప్పిచ్చిందెవరు? మా వర్ధన్నపేట వైపు అమ్మమ్మల కాలంలో తెలిసిన అప్పు ‘నాగు’. గాదె నిండుకుంటే దొర గడీ నుంచో, షావుకారు ఇంటి నుంచో వడ్లు కొలిపించుకోవడం, పంట రాగానే వడ్డీతో సహా గింజలే కొలవడం. గంపకెత్తుకుని మోసుకొచ్చేది ఆవిడ, పద్దు మాత్రం మొగుడి పేర! తీర్చలేకపోతే మనిషే వెట్టికి కుదరాలి. దాన్ని భగేలా అనేవారు. నైజాం సర్కారు 1936లో భగేలా మీద చట్టం చేసింది గానీ, ఆ చట్టానికి గడీ గుమ్మం తొక్కే ధైర్యం లేకపోయింది.

1976లో బంగ్లాదేశ్‌లోని జోబ్రా అనే ఊళ్ళో యూనస్ అనే ఎకనామిక్స్ మాస్టారు 42 మందికి కలిపి 27 డాలర్లు ఇచ్చి చూశాడు. మన దగ్గర 1982లో డ్వాక్రా వచ్చి పది పదిహేనుమంది ఆడవాళ్ళని ఒక సంఘంగా కూర్చోబెట్టింది. 1992లో ఇలాంటి సంఘాలని బ్యాంకులతో కలపడం నాబార్డు మొదలుపెట్టింది. ఆ యేడే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. తర్వాత రోజుకో రూపాయి పొదుపు ఊరూరా పాకింది. పొలం పట్టా లేనివాళ్ళని బ్యాంకు దేన్ని చూసి నమ్మాలి? ఒకరికొకరు పూచీ పడటం చూసి!

ఆ డబ్బుతో గేదెలు వచ్చాయి, కొన్ని వట్టిపోయాయి. కొంత మొగుడి బోరుబావిలోకి పోయింది. అదలా ఉంచండి. ‘ఫలానావాడి పెండ్లాం’ అనిపించుకున్న మనిషి బ్యాంకులో కుర్చీ మీద కూర్చుని సొంత పేరు రాసింది చూడండి, నా లెక్కలో గేదె కన్నా అదే గొప్ప. వేలిముద్రకి సిగ్గుపడి, మనవడి పలక మీద పేరు దిద్దుకున్నవాళ్ళని నేనెరుగుదును.

2004లో పావలా వడ్డీ వచ్చింది. అంటే ఏడాదికి నూటికి మూడు రూపాయలు. ఈలోగా ప్రైవేటు కంపెనీలూ దిగాయి. వాళ్ళది రెండు రూపాయల వడ్డీకి పైమాటే, కిస్తీ వారం వారం. పనికొచ్చిన సొత్తు మాత్రం ఆ పాత పూచీయే! సంఘంలో పూచీ అంటే ఈ నెల నీకు ఇబ్బందైతే వచ్చే నెల చూద్దామనడం. కంపెనీ చేతిలో పడ్డాక అది వేరే అయింది. మా వీధిలో ఒకామె కిస్తీ కట్టలేకపోయింది. రాత్రి తొమ్మిదైనా తోటి నలుగురూ ఆమె అరుగు దిగలేదు. ఏజెంటు బండికి స్టాండేసి చూస్తున్నాడు. “ఏం జెయ్యాలె అక్కా, నువ్వు కట్టకుంటే మా మీద పడ్తది” అంటూ ఏడ్చింది అందులో ఒకతి. అప్పిచ్చినవాడు నోరు విప్పాల్సిన పనే లేకపోయింది.

2010లో ఆత్మహత్యల వార్తలు వరసపెట్టాయి. వాటిలో మా వరంగల్లు జిల్లావీ ఉన్నాయి. అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూలుకి ఇంటికి రాకూడదు, పంచాయతీ ఆఫీసు దగ్గరే కట్టించుకోవాలి, కిస్తీ నెలకొకసారే, వడ్డీ అసలుని మించకూడదు. కిస్తీలు ఆగిపోయాయి, కంపెనీలు కొత్త అప్పులూ ఆపేశాయి. ఆసుపత్రి ఖర్చొచ్చినవాళ్ళు మళ్ళీ షావుకారు గుమ్మమే ఎక్కారు. 2011లో సంఘాలవాళ్ళ కోసమే స్త్రీనిధి పెట్టాక కొంత తెరిపి.

ఆ అరుగు మీద కూర్చున్నవాళ్ళలో ఇద్దరు ఈనాటికీ ఆమెతో మాట్లాడరు. ఆమె ఇప్పుడు వేరే సంఘంలో చేరింది. పూచీ సంతకం పెట్టేముందు అవతలి మనిషి ఎన్ని చోట్ల అప్పు చేసిందో అడుగుతుందట.