ఏడు సముద్రాల అవతలి పంచాంగం

ఉగాది పచ్చడి రుచి ఇంకా నాలుక మీద ఉండగానే గుళ్ళో పంచాంగ శ్రవణానికి కూర్చోవడం మనలో చాలామందికి అలవాటే. నిజం చెప్పొద్దూ, ఆదాయ వ్యయాల దగ్గర చెవులు రిక్కించి వినే నేను, మేఘాధిపతి దగ్గరికి వచ్చేసరికి పక్కావిడ చీర అంచు చూస్తూ కూర్చునేదాన్ని. "వర్షం ఇన్ని భాగాలు సముద్రంలో, ఇన్ని భాగాలు పర్వతాల మీద, ఇన్ని భాగాలు భూమి మీద" అని సిద్ధాంతిగారు చదువుతుంటే, సముద్రంలో పడే వాన లెక్క మనకెందుకు చెప్మా అనిపించేది.

ఆ మధ్య ఒక ఉగాదికి కోడుమూరులో మా పిన్ని ఇంట్లో ఉన్నాను. గుళ్ళో చదవడం ఆగగానే మెట్ల మీద కూర్చున్న ఒకామె లేచింది. "సామీ, భాగాల సంగతి సరే. మా సేన్లో ఎంత పడ్తాదో చెప్పు. ఇత్తనాలకు దుడ్లు తేవల్ల" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు.

రాత్రి పిన్ని చెప్పింది. మృగశిరలో ఒక్క వాన పడితే అప్పు చేసి విత్తుతారు. ఆ తరువాత నెల రోజులు మబ్బు ముఖం చాటేస్తే మొలక మాడిపోతుంది. మళ్ళీ అప్పు, మళ్ళీ విత్తనం. అదీ పోతే ఇంటికి తాళం వేసి, పిల్లల్ని చంకనేసుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికో, పత్తి తీయడానికో వెళ్తారు. ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో దీన్ని "సుగ్గికి పోవడం" అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల పండగరోజులు. తన చేలో పంట లేనివాళ్ళు ఊరొదిలి పరాయి చేను కోయడానికి వెళ్ళే వలసకు అంత సంబరమైన పేరు ఎలా వచ్చిందో!

"ఏం తింటున్నావే, ధాత కరువులోంచి వచ్చినట్టు!" అని మా అమ్మమ్మ చిన్నప్పుడు నన్ను కసిరేది. ఆ మాట వెనక ఎంత చరిత్ర ఉందో ఆ రాత్రి నుంచే వెతకడం మొదలుపెట్టాను.

ధాత నామ సంవత్సరం అంటే 1876. ఆ ఏడు నైరుతి వానా మోసం చేసింది, ఈశాన్యమూ మోసం చేసింది. కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలు మాడిపోయాయి. ఆదోని అప్పట్లో బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాకే కర్నూలులో కలిసింది. తినడానికే లేనప్పుడు బట్ట కొనేదెవరు? రైతుతో పాటు నేతగాడి మగ్గమూ ఆగింది. 1871 జనాభా లెక్కల్లో ఉన్న కర్నూలు జిల్లా జనంలో, 1881 లెక్కలనాటికి దాదాపు నాలుగో వంతు కనబడలేదు.

అప్పటికే ఆదోని మీదుగా మద్రాసు–బొంబాయి రైలు నడుస్తోంది. కానీ గింజల ధర సంగతి వర్తకులకే వదిలెయ్యాలన్నది దొరతనం వారి సిద్ధాంతం. దేశంలోంచి ఓడల మీద గోధుమలు ఇంగ్లండుకు పోతూనే ఉన్నాయి. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు మహా వైభవంగా జరిగింది. అదే సంవత్సరం, కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. అది చాలదని మద్రాసులో ఆరోగ్యశాఖ చూసే డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఇల్లు నడిపే ఏ ఆడదాన్నడిగినా అదే చెప్పి ఉండేది.

ఇక్కడొక విచిత్రం. దేశమంతటికీ ఒక వాతావరణ శాఖ అంటూ ఏర్పడింది 1875లో, అంటే సరిగ్గా ఈ కరువుకు ఏడాది ముందు. దాని మొదటి అధికారి హెన్రీ బ్లాన్‌ఫర్డ్. కరువు రోజుల్లో మన గాలి బరువు, అంటే బారోమీటరు చూపే పీడనం, ఉండవలసినదానికంటే ఎక్కువగా ఉండటం ఆయన గమనించాడు. మిగతా దేశాల్లో ఎలా ఉందోనని ఆరా తీశాడు. మన దగ్గర మాత్రమే కాదు, ఆస్ట్రేలియా దాకా అదే వరస! ఆ రోజుల్లోనే ఉత్తర చైనాలో లక్షలమంది ఆకలితో పోయారు. బ్రెజిల్ ఈశాన్యాన ఊళ్ళకు ఊళ్ళు వలస పోయాయి. కోడుమూరు ఆకాశంలో లేని మబ్బుకూ, ప్రపంచం అవతలి అంచున లేని మబ్బుకూ ఏదో చుట్టరికం ఉండాలి గదా!

ఆ చుట్టరికాన్ని లెక్కల్లో పట్టుకున్నవాడు గిల్బర్ట్ వాకర్. 1904లో వాతావరణ శాఖ అధిపతిగా వచ్చిన గణిత పండితుడు. అన్నట్టు, 1913లో మద్రాసులో రామానుజన్ లెక్కల పుస్తకం చూసి, ఈ కుర్రవాడికి సాయం చెయ్యండని విశ్వవిద్యాలయానికి రాసింది కూడా ఈయనే. ఆయన కచేరీలోని గుమాస్తాలు ఏళ్ళ తరబడి దేశదేశాల అంకెలు గుణించారు. తేలిందేమిటంటే, పసిఫిక్ మీద గాలి బరువు పెరిగితే మన హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుంది. అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతుంది. పిల్లలాడే తూగుడు బల్లలాగా. ఇది ఎందుకు తూగుతుందో మాత్రం ఆయనకు అంతుబట్టలేదు.

కారణం సముద్రంలో ఉంది. గిన్నెలో వేడి పాలమీద ఊదితే మీగడ అవతలి అంచుకు చేరుతుంది చూశారా? అలాగే తూర్పు నుంచి వీచే గాలులు పసిఫిక్ పైనుండే వెచ్చని నీటిని ఇండోనేషియా వైపు నెడుతుంటాయి. కొన్నేళ్ళకోసారి ఆ ఊదడం మందగిస్తుంది. వెచ్చని నీరు వెనక్కి, దక్షిణ అమెరికా వైపు జారుతుంది. దాంతోపాటే మబ్బులు లేచే చోటూ జరుగుతుంది. మన వైపు గాలి కిందికి దిగి మబ్బును కట్టనివ్వదు. పెరూ జాలరులు క్రిస్మస్ రోజుల్లో వచ్చే ఆ వెచ్చదనానికి బాలయేసు పేరున ఎల్ నినో అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళ వెచ్చదనాన్నీ, వాకర్ తూగుడునూ ఒక్క ముడి వేసినవాడు యాకబ్ బ్యెర్క్‌నెస్, 1969లో. ధాత కరువుకు అప్పటికి తొంభైమూడేళ్ళు!

ఇప్పుడు ఈ సముద్రానికి నెలనెలా నాడి చూస్తున్నారు. పసిఫిక్ మధ్యన నీరు మామూలుకంటే అర డిగ్రీ వేడెక్కితే చాలు, అందరూ ఉలిక్కిపడతారు. రెండు వేల మీటర్ల లోతుకు మునిగి, పది రోజులకోసారి పైకి తేలి కబురు పంపే పరికరాలు ప్రపంచ సముద్రాల్లో నాలుగు వేల దాకా ఉన్నాయి. హిందూ మహాసముద్రంలోని వాటి కబుర్లు చేరేది ఎక్కడికనుకున్నారు? మన హైదరాబాదుకు. 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ అనే సంస్థ ఆ పని చూస్తోంది. సముద్రం లేని ఊళ్ళో సముద్రపు కచేరీ!

అయితే సిద్ధాంతిగారిని చూసి మరీ నవ్వకండి. ఈ కొత్త పంచాంగమూ తప్పుతుంది. 1997లో ఎల్ నినో ఎంతో బలంగా వచ్చినా దేశంలో వాన మామూలుగానే పడింది. మన సముద్రపు పడమటి సగం వేడెక్కి ఆదుకుంది. 2002లో మామూలు వానలన్నారు. జూలైలో సగం వాన కూడా సరిగా పడలేదు. 2009లో దేశమంతటా వాన వందకు డెబ్భై ఎనిమిది పాళ్ళే. అదే ఏడు అక్టోబరు 2న తుంగభద్రా, కోడుమూరు మీదుగా వెళ్ళే మన హంద్రీ పొంగి కర్నూలును ముంచాయి. కరువూ వరదా ఒకే ఏట! ఇంకో సంగతి. మార్చి నుంచి మే దాకా ఈ సముద్రం మనసు తెలుసుకోవడం అన్నిటికంటే కష్టమట. అంటే సరిగ్గా మనం ఉగాది పంచాంగం చదువుకునే రోజులు.

మరి గుడి మెట్ల మీది ఆమెకు ఏం చెప్పాలి? "నీ చేలో ఇంత పడుతుంది" అని ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. కానీ "ఈ ఏడు సముద్రం మనవైపు లేదు, ఉన్న డబ్బంతా ఒక్క విత్తనం మీదే పెట్టకమ్మా" అని చెప్పొచ్చు. నెలనెలా మారే కబురు నెలనెలా ఆమెకు అందాలి, ఆమె మాటలోనే అందాలి. కబురు ఒక్కటే చాలదు కూడా. 1877లో ఆకలి సంగతి అందరికీ తెలుసు. రైలూ ఉంది, ఓడలూ ఉన్నాయి. మబ్బు రాకపోవడం సముద్రం తప్పే కావచ్చు గానీ, పౌను ధాన్యం చాలుననడం సముద్రం తప్పు కాదు.

ఈసారి ఉగాదికి సముద్రంలో ఇన్ని భాగాలు అని చదువుతుంటే చీర అంచు చూడలేదు, శ్రద్ధగా విన్నాను. ఇన్నాళ్ళూ మనకెందుకనుకున్న లెక్క అదే మరి.