ఋతుపర్ణుని సంఖ్యానవిద్య – బాలశిక్షకు ఒక సూత్రం

మహాభారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానాన్ని దమయంతీ సౌశీల్యానికీ, కలిప్రభావానికీ నిదర్శనంగా స్మరించడం పరిపాటి. ఆ కథలోనే బాలలకు గణితదృష్టిని అలవరచే మార్గం కూడా నిక్షిప్తమై ఉన్నది. నన్నయభట్టారకుని తెలుగు భారతం ద్వారా 11వ శతాబ్దిలోనే ఈ కథ ఆంధ్రులకు చేరువైంది.

పాచికల మర్మం తెలియక, పుష్కరుని చేతిలో నలుడు రాజ్యాన్ని కోల్పోయాడు. అనంతరం బాహుకుడనే పేరుతో అయోధ్యాధిపతి ఋతుపర్ణునికి సారథి అయ్యాడు. విదర్భకు పయనిస్తుండగా ఒక విభీతకవృక్షం, అనగా తాండ్రచెట్టు, కనిపించింది. దాని రెండు శాఖలపై ఐదు కోట్ల ఆకులు, 2095 ఫలాలు ఉన్నాయని ఋతుపర్ణుడు రథం మీదనుండే పలికాడు.

బాహుకుడు ఆ మాటను ప్రభువాక్యమని శిరసావహించలేదు. అసత్యమని త్రోసిపుచ్చనూ లేదు. కాలాతీతమవుతుందని రాజు వారిస్తున్నా రథం నిలిపి, చెట్టును పడగొట్టి, ఫలాలను లెక్కించాడు. సంఖ్య సరిపోయింది. అప్పుడే అతనిలో జిజ్ఞాస మేల్కొన్నది. తన అశ్వవిద్యకు బదులుగా అక్షహృదయాన్ని స్వీకరించాడు. ఆ విద్య లభించిన క్షణమే కలి అతని దేహాన్ని వీడినాడు. రాజును వ్యసనానికి బలిచేసినది పాచిక; విముక్తుణ్ణి చేసినది దాని తత్త్వజ్ఞానం.

ఈ ఘట్టంలో రెండు సోపానాలున్నాయి: ఊహ, పరీక్ష. శాస్త్రగ్రంథాలలో ఇదే క్రమం బోధనారూపం దాల్చింది. భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతిలో అనేక ప్రశ్నలు ఒక బాలికను సంబోధిస్తూ సాగుతాయి. ఒక తుమ్మెదల గుంపులో ఐదవ వంతు కదంబపుష్పానికి, మూడవ వంతు శిలీంధ్రపుష్పానికి, ఆ రెండింటి భేదానికి మూడు రెట్లు కుటజానికి వెళ్ళగా ఒక్కటి మిగిలింది. గుంపులో ఎన్ని?

దీనికి ఇష్టకర్మ అనే పద్ధతి ఉన్నది. తోచిన సంఖ్యను, 30 అనుకుందాం, గ్రహించాలి. 6, 10, 12 పోగా 2 మిగులుతాయి. మిగలవలసినది 1 మాత్రమే. కనుక ఊహను సగం చేయాలి. సమాధానం 15. ఇక్కడ తొలి ఊహ తప్పడం దోషం కాదు. ఆ తప్పే సత్యానికి దారి చూపుతుంది. పొరపాటుకు దండన ఎదురయ్యే చోట శిశువు ఊహించడమే మానుకుంటాడు; ఊహ లేనిచోట పరీక్షకు తావు లేదు.

మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెనిగించడంతో సంస్కృతం ఎరుగని వారికీ ఈ శాస్త్రం అందింది.

నేడు డేటా సైన్స్ అని వ్యవహరింపబడే విద్యకూ మూలం ఇదే: కొంత చూచి సమస్తాన్ని అంచనా వేయడం, ఆ అంచనాను వాస్తవంతో సరిచూడడం. ఐదేళ్ళ శిశువుకు యంత్రం అవసరం లేదు. తులసికోటలోని ఒక రెమ్మ ఆకులను లెక్కించి, మొక్క మొత్తానికి ఎన్నో ఊహించమని, పిదప లెక్కించి చూడమని చెబితే చాలు. సంఖ్యను చూసి భ్రమించక, విచారించి గ్రహించే బుద్ధి అట్లే అంకురిస్తుంది. ఆ వివేకం ఉన్నచోట కలికి నివాసం లేదు.