రెండు అల్యూమినియము పడవలు

నా పూర్వ విద్యార్థి యొకడు అమెరికాలోని మినెసోటా రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. అచ్చట సరస్సులు వేలకొలది కలవు. వేసవి సెలవులలో పిల్లలను వెంటబెట్టుకొని చిన్న పడవపై చేపలు పట్ట వెళ్ళుట ఆ ప్రాంతమువారి అలవాటు. అతడు రెండు పాత పడవల ఛాయాచిత్రములు పంపి, "మాస్టారూ, రెండును 14 అడుగులవే, రెండును అల్యూమినియమువే. వెనుక తగిలించు మోటారు రెంటికిని ఒకటే చాలును. ఒకదానికి రివిట్లు ఉన్నవి, రెండవదానికి లేవు. ఏది కొనమందురు?" అని వ్రాసెను.

గోదావరిపై రేవు దాటుట తప్ప పడవల సంగతి నాకు తెలియదు. కాని ఆ లోహము సంగతి కొంత తెలియును. రివిట్లున్న పడవకును లేని పడవకును గల భేదము బజారులో పుట్టినది కాదు. దాని వెనుక ఒక చరిత్ర కలదు.

అల్యూమినియము ఒకప్పుడు వెండితో సమానమైన వెలగల లోహము. 1884లో వాషింగ్టన్ స్మారకస్తంభము కొనపై దాదాపు 2.8 కిలోగ్రాముల అల్యూమినియము ముక్కను కిరీటమువలె అమర్చిరి. రెండేండ్లకే, 1886లో, అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్సులో పాల్ ఎరూ అను ఇరువురు యువకులు, ఒకరినొకరు ఎరుగకయే, విద్యుత్తుచే ఈ లోహమును చౌకగా తీయు మార్గమును కనిపెట్టిరి. ఇరువురును 1863లో పుట్టిరి, ఇరువురును 1914లో చనిపోయిరి. వెల పడిపోయినది. 1898లో మదరాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియము పాత్రలు చేయించుట మొదలుపెట్టెను. మన వంటిండ్లలోని సత్తు గిన్నెల కథ ఆ కాలమునుండి సాగినదే.

వెల తగ్గగానే పడవలు కట్టువారి కన్ను దీనిపై పడినది. ఇనుము సాంద్రత 7.8 కాగా దీనిది 2.7 మాత్రమే. 1890 తరువాతి తొలి యేండ్లలోనే స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరమున ఎషర్ వైస్ సంస్థ అల్యూమినియముతో చిన్న పడవలు చేసినది. 1895లో అమెరికావారు 'డిఫెండర్' అను తెరచాప నౌకను కట్టిరి. దాని రూపకర్త నెథానియెల్ హెరెషాఫ్. నీటిలో మునుగు భాగమునకు కంచు రేకులు, పై భాగమునకు అల్యూమినియము రేకులు, లోపల ఉక్కు పక్కటెముకలు పెట్టిరి. అది ఆ యేడు అమెరికా కప్పు పందెమున నెగ్గినది. నెగ్గినదే గాని, ఉప్పునీటిలో కంచును అల్యూమినియమును తాకించి పెట్టుట యనగా ఒక విద్యుద్ఘటమును కట్టుటయే. అందులో అల్యూమినియమే కరగిపోవు ధ్రువము. 1901 నాటికి ఆ నౌకను విడగొట్టి పాత లోహముక్రింద వేసిరి.

ఇచ్చట మా ప్రయోగశాలలో చూపు ఒక ప్రయోగము చెప్పవలెను. అల్యూమినియము స్వభావముచేత చురుకైన లోహము. గాలి తగిలిన క్షణముననే దానిపై కంటికి కనబడని ఆక్సైడు పొర ఏర్పడి లోపలి లోహమును కాపాడును. రేకును గీకి దానిపై మెర్క్యురిక్ క్లోరైడు ద్రావణపు చుక్క వేసినచో పాదరసము ఆ పొరను నిలువనీయదు. కొద్ది నిమిషములలో తెల్లని జుట్టువంటి పదార్థము రేకునుండి పెరిగి వచ్చును. (ఆ ద్రావణము ఘోరవిషము, ఇంట చేయరాదు.) అల్యూమినియము పడవ బ్రదుకంతయు ఆ పలుచని పొరమీద ఆధారపడియున్నది.

శుద్ధమైన అల్యూమినియము మెత్తనిది. దానిని గట్టిపరచు కీలకము 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్‌కు దొరికినది. రాగి, మెగ్నీషియము కొద్దిగా కలిపిన అల్యూమినియమును వేడిచేసి, చప్పున చల్లార్చి, ఒక శనివారమునాడు కాఠిన్యము కొలుచుట మొదలిడెను. మిగిలిన కొలతలు సోమవారము తీయగా లోహము ముందుకంటె గట్టిపడియుండెను! రెండు దినములు ఊరకనుంచిన లోహము దానంతట అదే గట్టిపడుటకు కారణము, లోపల అతి సూక్ష్మమైన కణములు ఏర్పడి అణువుల పొరలు జారకుండ అడ్డుపడుటయే. విమానములు ఈ లోహముతోనే ఎగిరినవి. కాని రాగి కలిసినది గనుక ఉప్పునీటికి నిలువదు. తరువాత రాగికి బదులు మెగ్నీషియము, సిలికను ముఖ్యముగా కలిపిన మిశ్రలోహములు వచ్చినవి. వీటిలో 6061 అను సంఖ్యగలది పడవల చరిత్రలో ముఖ్యమైనది.

మోటారు సంగతి క్లుప్తముగా చెప్పెదను. పడవ వెనుక పలకకు తగిలించి తీసివేయగల మోటారును అమెరికాలో 1905 ప్రాంతమున కామరాన్ వాటర్‌మన్ చేసెను. 1909 నుండి మిల్వాకీ నగరమున నార్వేనుండి వచ్చిన ఓలే ఎవిన్‌రూడ్ దానిని అందరికిని అందుబాటులోనికి తెచ్చెను. అప్పటి పడవలు కొయ్యవి. అవి బరువు, ఏటేట రంగు వేయవలెను, ఒడ్డున ఎండిన అతుకులు విచ్చుకొనును.

మార్పు రెండవ ప్రపంచయుద్ధముతో వచ్చినది. 1944లో గ్రమ్మన్ విమాన సంస్థ ఉపాధ్యక్షుడు విలియం హాఫ్‌మన్ అడిరాండాక్ కొండల సరస్సులలో విహరింప వెళ్ళెను. ఒక సరస్సునుండి మరియొక దానికి తన బరువైన కొయ్య పడవను మోసి మోసి విసిగి, విమానపు రేకుతో పడవ చేయరాదా యని తలచెను. మరుసటి యేడు ఆ సంస్థ అల్యూమినియము కనూలను అమ్మకమునకు పెట్టినది. యుద్ధము ముగియుటచే రేకును మలచు యంత్రములు, రివిట్లు కొట్టుటలో ఆరితేరిన పనివారు ఖాళీగా నుండిరి. మినియాపొలిస్‌లో యుద్ధకాలమున విమాన భాగములు చేసిన ఒక ఇనుప సామాను కర్మాగారము 1946లో ఆల్యుమాక్రాఫ్ట్ పడవలను మొదలుపెట్టినది. 1948లో న్యూయార్క్ మిల్స్ అను చిన్న ఊరిలో (పేరట్లున్నను ఇదియు మినెసోటాలోనిదే) హోవార్డ్ లండ్ తన పడవలను చేయసాగెను. వీరందరును విమానము కట్టినట్లే పడవను కట్టిరి. రివిట్లు అందువలన వచ్చినవి.

మరి వెల్డింగు ఏల చేయలేదు? అల్యూమినియము 660 డిగ్రీలకు కరగును. దానిపై నున్న ఆక్సైడు పొర 2,000 డిగ్రీలు దాటినగాని కరగదు. పొర విడకముందే లోపలి లోహము నీరై జారిపోవును. 1941లో నార్త్రప్ విమాన సంస్థలో రసెల్ మెరెడిత్ టంగ్‌స్టన్ కొనతో, హీలియము వాయువు కప్పి వెల్డింగు చేయు పద్ధతిని సాధించెను. 1948లో కరగు తీగతోనే వెల్డింగు చేయు పద్ధతి వచ్చినది. అయినను ఒక చిక్కు మిగిలినది. విల్మ్ మార్గమున వేడి చల్లార్పులచే గట్టిపడిన లోహమునకు వెల్డింగు వేడి తగిలినచో ఆ గట్టిదనము పోవును. 6061 రేకు అతుకు ప్రక్కన తన బలములో మూడవ వంతునకు మించి కోల్పోవును. అందుచే వెల్డింగు పడవలను 5052, 5086 వంటి, ఎక్కువ మెగ్నీషియముగల వేరు మిశ్రలోహములతో చేయుదురు. వీటి బలము వేడిచికిత్సపై ఆధారపడదు. కనుక నష్టము తక్కువ.

ఇప్పుడు నా శిష్యుని ప్రశ్నకు వచ్చెదను. రివిట్ల పడవలో వేలకొలది రంధ్రములు. ఏండ్ల తరబడి అలల దెబ్బలకు కొన్ని వదులై నీరు చెమ్మగిల్లును. కాని లోపల ఒకరు ఇనుప దిమ్మె అదిమిపట్టగా వెలుపల మరియొకరు సుత్తితో కొట్టి వాటిని తిరిగి బిగింపవచ్చును. పగులు పుట్టినచో సాధారణముగా ఆ రేకు అంచున ఆగును. వెల్డింగు పడవ కారదు. పగిలినచో నేర్పరి కావలెను. నా మట్టుకు, మంచినీటి సరస్సున ఈ భేదము అంత పెద్దది కాదు. రేకు మందము ఎక్కువ ముఖ్యము. అతడు పంపిన వివరములలో ఒకదాని మందము అంగుళములో వేయింట 80 వంతులు, రెండవదానిది 100. బరువు నాల్గవ వంతే పెరిగినను, రేకు వంగకుండు గుణము మందము ఘనమునుబట్టి పెరుగును గనుక దాదాపు రెట్టింపగును.

ఇంతకంటె ముఖ్యమైనది తయారైన సంవత్సరము. కొయ్య పడవ బోల్తాపడినను తేలును. అల్యూమినియము మునుగును. అందుకే ఆసనముల క్రింద ప్లాస్టిక్ నురుగు దిమ్మెలు పెట్టుదురు. 1971 నాటి పడవల భద్రతా చట్టమును అనుసరించి, 1978 ఆగస్టు నుండి అమెరికాలో తయారగు 20 అడుగులలోపు, వెనుక మోటారు తగిలించు పడవలు సాధారణముగా నీటితో నిండినను మట్టముగా తేలవలెనని నియమమేర్పడినది. అంతకుముందటి పడవలలో ననేకము మోటారు బరువునకు వెనుకభాగము మునిగి, ముక్కు నిక్కి నిలుచును. పట్టుకొనుటకు చోటుండదు. అచ్చటి సరస్సులపై ఏప్రిల్ వరకు మంచుగడ్డ యుండును. ఆ నీటిలో చేతివ్రేళ్ళు కొద్ది నిమిషములకే పట్టు తప్పును. పిల్లలు పడవలో నున్నప్పుడు రివిట్టా వెల్డింగా యను ప్రశ్న తరువాతిది.

రివిట్ల పడవ 1975 నాటిది, వెల్డింగు పడవ 1982 నాటిది. మొదటిది చౌక, రంగు మెరయుచున్నది. వెనుక పలక ఎత్తు దానికి 15 అంగుళములు, రెండవదానికి 20. వెనుకనుండి వచ్చు అలను ఆపునది ఆ పలకయే. రెంటిని తూకము వేయింపుమనియు, నురుగు నీరు పీల్చినచో బరువే చెప్పుననియు వ్రాసితిని. పలకలోని కొయ్యను మేకుతో గ్రుచ్చి చూడుమంటిని.

పది దినములకు జవాబు వచ్చినది. అతడు ధాన్యపు లారీలు తూచు కాటాపై బండితో సహా పడవలను తూపించి, బండ్ల బరువు తీసివేసి చూచెనట. 1975 నాటిది తయారీదారు పుస్తకములో చెప్పిన దానికంటె 90 పౌన్లు ఎక్కువ తూగినది. అతడు రెండవదే కొనెను. దుకాణములో అడుగుభాగమునకు రాగి కలిసిన రంగు వేయుమని సలహా చెప్పిరట. 'డిఫెండర్' కథ గుర్తుండి వలదనెను. పిల్లలకు లైఫ్ జాకెట్లు మాత్రము రెండు కొనెను.