గ్యాసుకు వాసన ఎలా వచ్చింది?



లాల్‌బాగ్‌లో గ్యాస్ కంపెనీ లేన్ అని ఒక వీధి ఉంది. ఆ చుట్టుపక్కల మిల్లుల్లో మన పద్మశాలీలు తరాల తరబడి మగ్గాలు నడిపారు. అయినా ఆ పేరు ఎందుకు వచ్చిందో మన పిల్లల్లో చాలామందికి తెలియదు. 1860లలో బొంబాయి వీధిదీపాలకు గ్యాసు వచ్చింది. రాతిబొగ్గును గాలి చొరబడని బట్టీల్లో కాల్చి, అందులోంచి వచ్చే గ్యాసును భూమిలో వేసిన గొట్టాల ద్వారా బాంబే గ్యాస్ కంపెనీ ఊరంతా పంపేది. దాని గుర్తే ఆ వీధి పేరు.

ఆ బొగ్గు గ్యాసు విషం. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉండేది. కాని దానికి సహజంగానే ఘాటైన కంపు ఉండేది కాబట్టి, ఎక్కడ గొట్టం కారినా చుట్టూ ఉన్నవాళ్లకు తెలిసిపోయేది.

మన ఇళ్లలో మాత్రం చాలాకాలం సిగ్డీ, ఆ తర్వాత కిరసనాయిలు స్టవ్వులే. 1955లో బర్మా షెల్ కంపెనీ బొంబాయిలో వంటగ్యాసు అమ్మకం మొదలుపెట్టింది. సిలిండరు మన చాల్ గదుల దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1990లలో పైపు గ్యాసు కూడా వచ్చింది. సిలిండరులోది ప్రొపేన్, బ్యూటేన్ల మిశ్రమం. పైపులో వచ్చేది ముఖ్యంగా మీథేన్. ఈ మూడింటికీ చెప్పుకోదగ్గ వాసన లేదు. మనకు వచ్చే ఆ కుళ్లు కంపు గ్యాసుది కాదు, మెర్కాప్టన్ అనే రసాయనానిది. దాన్ని కావాలనే కలుపుతారు.

ఎందుకు కలుపుతారో తెలియాలంటే అమెరికాలోని టెక్సస్‌కు వెళ్లాలి. అక్కడ చమురు బావుల మధ్య న్యూ లండన్ అనే ఊళ్లో పెద్ద బడి ఉండేది. డబ్బు ఆదా అవుతుందని, చమురు కంపెనీ వృథాగా వదిలే గ్యాసును బడి గదులు వెచ్చబెట్టడానికి వాడుకున్నారు. ఆ గ్యాసుకు వాసన లేదు. అది కారి కారి నేలకింది ఖాళీలో నిండింది, ఎవరికీ తెలియలేదు. 1937 మార్చి 18 మధ్యాహ్నం మూడు దాటాక, వర్క్‌షాపులో ఒక యంత్రం స్విచ్చు వేశారు. ఆ నిప్పురవ్వకు బడి మొత్తం లేచి కూలింది. దాదాపు 300 మంది పిల్లలు, ఉపాధ్యాయులు చనిపోయారు. ఆ తర్వాతే గ్యాసుకు వాసన కలిపి తీరాలని టెక్సస్ చట్టం చేసింది. తర్వాత మిగతా చోట్ల కూడా అదే పద్ధతి నిలబడింది.

కాబట్టి మన వంటింట్లో ఆ కంపు వచ్చినప్పుడు, "కొంచెమేలే, పోతుందిలే" అనుకోవద్దు. సిలిండరు గ్యాసు గాలిలో నూటికి రెండు పాళ్లు చేరితే చాలు, అంటుకుంటుంది. అంతకంటే చాలా తక్కువ ఉన్నప్పుడే తెలియాలని ఆ వాసన కలుపుతున్నారు.

అయితే ముక్కుకూ హద్దులున్నాయి. కొద్దిసేపు ఆ కంపులోనే ఉంటే ముక్కు అలవాటుపడిపోతుంది. వయసు పైబడినవాళ్లకు వాసన తగ్గుతుంది. జలుబులో తెలియదు. కోవిడ్ వచ్చినప్పుడు ఎంతమందికి వాసన పోయిందో మనమే చూశాం. మన ఇళ్లలో పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించేది తరచుగా పెద్దవాళ్లే. వాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లలో గ్యాసు అలారం పెట్టించడం మంచిది.

అలారం ఎక్కడ పెట్టాలి? సిలిండరు గ్యాసు గాలికంటే బరువు, నేలమీద పరుచుకుని మోరీ దాకా పాకుతుంది. కాబట్టి అలారం కింద ఉండాలి. పైపు గ్యాసు గాలికంటే తేలిక, పైకప్పు కింద చేరుతుంది. దానికి అలారం పైన ఉండాలి. సిలిండరు మానేసి పైపు పెట్టించుకున్నవాళ్లు పాత అలారాన్ని కిందే ఉంచేస్తే ఉపయోగం లేదు.

ఇంకొక ప్రమాదానికి ఈ వాసన అసలే పనికిరాదు. 1855లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో బున్సెన్ తన ప్రయోగశాల కోసం ఒక బర్నరు చేయించాడు. గ్యాసు వెలగకముందే దానిలో గాలి కలిస్తే మంట పొగలేకుండా నీలంగా మండుతుంది. మన స్టవ్వు పనిచేసేదీ ఆ సూత్రం మీదే. మంట పచ్చగా మారిందంటే గాలి చాలడం లేదని అర్థం. అప్పుడు మసితోపాటు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గనుల్లో పేలుళ్ల తర్వాత ఎక్కువమందిని చంపేది ఈ వాయువేనని హాల్డేన్ అనే శాస్త్రవేత్త 1890లలో తేల్చాడు. మనిషికంటే ముందే చిన్న జీవికి విషం తగులుతుందని బ్రిటన్ గనుల్లోకి కేనరీ పిట్టలను తీసుకెళ్లేవారు. 1986 దాకా ఆ పద్ధతి సాగింది. మన బాత్రూముల్లో ఏ పిట్టా లేదు. కిటికీ మూసిన చిన్న బాత్రూములో గ్యాస్ గీజరు వెలిగించి స్నానం చేయడం ప్రాణంతో ఆడుకోవడమే.

వాసన వస్తే చేయాల్సింది ఇది. స్విచ్చు వేయవద్దు, వేసి ఉన్నది ఆర్పవద్దు. మంటలన్నీ ఆర్పండి. రెగ్యులేటరు కట్టేయండి, పైపు గ్యాసైతే మీటరు దగ్గరి వాల్వు మూయండి. తలుపులు, కిటికీలు తెరిచి, అందరూ బయటికి వచ్చాక ఫోను చేయండి. సిలిండరుకు 1906, పైపుకు బిల్లు మీద ఉన్న అత్యవసర నంబరు.

మార్కండేయ జయంతికి, బతుకమ్మకు మనం వందలమందికి వండుతాం. ఈసారి పొయ్యి వెలిగించకముందే హాల్లోని రబ్బరు ట్యూబుల మీది తేదీలు చూద్దాం. అయిదేళ్లు దాటినవి పారేద్దాం. అదనపు సిలిండర్లను పొయ్యికి దూరంగా, గాలాడే చోట నిలబెట్టి ఉంచుదాం. ఈ పని ఎవరు చేస్తారో వచ్చే సమావేశంలోనే పేర్లు రాసుకుందాం.