పండ్ల మార్కెట్ అంటే షెడ్లు మాత్రమేనా?

2021 మార్చిలో ఎవర్‌గివెన్ అనే ఓడ సూయజ్ కాలువకి అడ్డం తిరిగి ఆరు రోజులు ఇరుక్కుపోతే ప్రపంచమంతా సప్లయ్ చెయిన్ గురించి మాట్లాడింది. అదే ఏడాది సెప్టెంబర్ చివర్లో, దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్బీనగర్‌కీ మధ్య ఉన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ మూతపడింది. ఆ పాఠమే ఇక్కడా ఉంది, మనకింకా దగ్గరగా.

హైదరాబాద్ పండ్ల వ్యాపారం అంతకుముందు మోజంజాహీ మార్కెట్లో ఉండేది. 1935 నాటి ఆ రాతి కట్టడం చుట్టూ ఊరు ఇరుకైపోయాక, 1980ల్లో టోకు వ్యాపారం ఇటు వచ్చింది. నల్గొండ బత్తాయి, నూజివీడు మామిడి వచ్చే విజయవాడ రోడ్డు ఎల్బీనగర్ మీదుగానే ఊళ్ళోకొస్తుంది. మూడు దశాబ్దాల్లో ఈ మార్కెట్ చుట్టూ చాలా అల్లుకున్నాయి: కమీషన్ ఏజెంట్లు రైతుకిచ్చే అడ్వాన్సులు, హమాలీల కూలి, కాయ మాగబెట్టే గదులు, తెల్లారేసరికి సరుకేసుకుని దిల్‌సుఖ్‌నగర్ చేరే తోపుడుబళ్ళు.

ఇంత వ్యాపారం ఒక్కచోటే ఉండటం సౌకర్యం. ప్రమాదమూ అదే. సాఫ్ట్‌వేర్లో ఒక సర్వర్ పడిపోతే ఇంకోటి అందుకునేలా ముందే పెట్టుకుంటాం, ఆలోగా వచ్చిన పనిని క్యూలో ఉంచుతాం. మామిడికాయని క్యూలో ఉంచలేం. సీజన్ ముఖ్యంగా ఏప్రిల్, మే నెలలు. 2020 లాక్‌డౌన్‌లో రద్దీకి భయపడి మామిడి వ్యాపారాన్ని కోహెడకి మార్చారు. మే 4న గాలివానకి అక్కడి షెడ్లు కూలి జనం గాయపడ్డారు. వ్యాపారం మళ్ళీ గడ్డిఅన్నారానికే వచ్చింది, ఏడాదిన్నర తిరక్కుండానే ఔటర్ రింగ్‌రోడ్డు అవతలి బాటసింగారానికి పోయింది. పాత స్థలంలో పెద్దాసుపత్రికి 2022 ఏప్రిల్లో శంకుస్థాపన చేశారు.

ఆసుపత్రి వద్దని ఎవరంటారు? లారీకి కూడా ఊరి బయటే సుఖం. కానీ తోపుడుబండిని బాటసింగారం దాకా తోసుకెళ్ళలేరు. ట్రాలీ ఆటోకి కిరాయి పెట్టాలి, లేదా మధ్యలో ఇంకో వ్యాపారి దగ్గర కొనాలి. గొలుసు తెగలేదు, దాని బరువు మాత్రం నిర్ణయంలో మాట చెల్లని మనిషి మీదికి జారింది. సప్లయ్ చెయిన్ ఎంత గట్టిదో చూడాలంటే సరుకు చేరిందా అని అడిగితే చాలదు, చేర్చడానికి ఎవరెంత పోగొట్టుకున్నారో కూడా అడగాలి.

శాశ్వత మార్కెట్ కోహెడలోనే కడతామన్నారు. ఎన్ని ఎకరాలన్నది తర్వాత. ఎల్బీనగర్ దగ్గర చిల్లర వ్యాపారులకి సరుకందే చిన్న యార్డు ఒకటి ఆ ప్లానులో ఉందా అన్నది నేను మొదట అడిగే ప్రశ్న.