పది గంటల లెక్క

కాకినాడనుండి కోటిపల్లికి పోవు 45 కిలోమీటర్ల రైలుమార్గము మా రామచంద్రపురము మీదుగా 1928లో వెలసి, పండ్రెండేండ్లకే, అనగా 1940లో, రెండవ ప్రపంచయుద్ధమునకు ఇనుము కావలసివచ్చినదను కారణమున పట్టాలతో సహా పెకలింపబడెను. 2004లో ఆ మార్గము తిరిగి తెరచువఱకు, రైలెక్కదలచిన రామచంద్రపురవాసి ద్వారపూడికో, అనపర్తికో, కాకినాడకో పోవలసినవాడే. బండికొఱకు గంటలకొలది కాచుకొనుటలో మాకబ్బిన విద్య యొకటే. అది గూడ్సుబండిని చూచుట.

ద్వారపూడి ప్లాట్‌ఫారముపై మూటలమీద కూర్చున్నవానికి, ఎదుటి లూపులైను అను ప్రక్కదారిలో నిలిచిన గూడ్సు ఊరి చెఱువువలె స్థిరవస్తువుగా తోచెడిది. మెయిలు పోవును, వెనుకనే ఎక్స్‌ప్రెస్సు పోవును, ఎదురుగా మఱియొకటి వచ్చును, సిగ్నలు రెక్క వాలినప్పుడెల్ల గూడ్సు డ్రైవరు తల బయటపెట్టి చూచి, అది తనకు కాదని యెఱిగి, మరల లోనికి తీసికొనును. కట్టకడపటి బ్రేకువ్యానులో గార్డు మెట్టుమీద కూర్చుండి, టిఫిను క్యారియరు మూతలో మజ్జిగన్నము కలుపుకొని తినుచుండుట నా బాల్యమున చూచితిని. తిని, మూత కడిగి, గడియారము చూచుకొని, చేతిలోని పుస్తకములో ఏదో వ్రాసికొనెను. ఆ వ్రాతలోనే ఈ కథయంతయు కలదని నాకప్పుడు తెలియదు.

గూడ్సు నిలుచుటకు లోకమెఱిగిన కారణము ప్రయాణికుల బండ్లకు దారి యిచ్చుట. మన సీమలో దానికి తోడు గోదావరియే ఒక కారణమయ్యెను. 1900లో ప్రారంభమైన హేవలాకు వంతెనపై ఉండినది ఒక్క పట్టామార్గమే. 1974లో రోడ్డుతో కూడిన రెండవ వంతెన వచ్చువఱకు, డెబ్బదినాలుగేండ్లపాటు, కలకత్తా మద్రాసుల నడుమ ఈ తీరమున తిరిగిన బండ్లన్నియు ఆ ఒంటిదారిన, ఒకదాని వెనుక నొకటి, కొవ్వూరు వైపునో రాజమండ్రి వైపునో వంతు కాచుకొని నది దాటినవే. వంతు వచ్చుటలో గూడ్సుది ఎల్లప్పుడును కడపటి పీట.

ఇంతవఱకు బండి సంగతి. బండితోపాటు నిలిచిపోయిన మనుష్యుల సంగతి లోకము పట్టించుకొన్నది కాదు. మెయిలు డ్రైవరునకు ఫలానా దినమున ఫలానా బండి యని ముందే జాబితా యుండును గాని, గూడ్సువానికి అట్టి నియతి లేదు. బండి సిద్ధమైనప్పుడే అతనికి పిలుపు. ఆ పిలుపు తెచ్చువాడు కాల్‌బాయ్. పేరు బాయ్ యే గాని, తల నెరసినవారును ఆ కొలువులో నుండెడివారు. రాజమండ్రి, బెజవాడ రైల్వే కాలనీలలో, అర్ధరాత్రి లాంతరుతో వచ్చి తలుపు తట్టి, కాల్‌బుక్కులో సంతకమును, దాని ప్రక్కన వేళయు వ్రాయించుకొని, అతడు మరొక యింటికి పోవును. ఇంటివారు నిద్రకన్నులతో అన్నము సర్దుదురు. రెండు గంటలలో డ్రైవరు డ్యూటీ పుస్తకములో సంతకము చేయవలెను. పోవు వేళ తెలియును. వచ్చు వేళ భార్యకు గాని, స్టేషను మాస్టరునకు గాని, కంట్రోలు ఆఫీసులో ఫోను చెవికానించుకొని కూర్చున్న దొరకు గాని తెలియదు. ఆవిరియింజనుల కాలమున పదునాలుగు గంటలు, పదునారు గంటలు ఒక్క బిగిని బాయిలరు వేడిమి యెదుట నిలిచినవారు కోకొల్లలు.

అనపర్తి బియ్యపు మిల్లుల వారికి డెమరేజి యనిన తెలియనిదా? వ్యాగను గడువులోపల దింపుకొననిచో గంట లెక్కన సొమ్ము కట్టవలెను. నిలిచిన చెక్కపెట్టెకు గంటకింతయని వెల కట్టిన రైల్వేకు, దాని నీడ్చుకొని వచ్చి దానితోపాటు నిలిచిన మనిషి గంటలను లెక్కించు బుద్ధి పుట్టుటకు ఎన్ని దశాబ్దములు పట్టినదో చూడుడు. అమెరికాలో 1907లోనే శాసనము చేసి, రైలు సిబ్బంది ఏకబిగిని పదునారు గంటలకు మించి పనిచేయరాదనిరి; ఇప్పుడచ్చట ఆ హద్దు పండ్రెండు. మన దేశమున, పనిగంటలను గూర్చిన 1919 వాషింగ్టను ఒడంబడిక పుణ్యమా యని 1930లో రైల్వే చట్టమును సవరించిరి; 1947లో న్యాయమూర్తి రాజాధ్యక్ష తీర్పు పనిగంటలకు వర్గీకరణ మేర్పఱచెను. అయినను ఇంజను ఫుట్‌ప్లేటుపై నిలిచినవానికి వీనివలన ఒరిగినది స్వల్పమే. తుదకు 1973 ఆగస్టులో లోకో సిబ్బంది సమ్మె కట్టి దేశమునందలి సరకుల రవాణాను స్తంభింపజేసినపుడు గాని, సంతకము పెట్టినది మొదలు పది గంటలే డ్యూటీ యను మాట ప్రభుత్వము నోట వెలువడలేదు. మాట వెలువడుట వేఱు, అమలగుట వేఱు. మరుసటి యేడు మే 8న మొదలైన ఇరువదిదినముల మహాసమ్మెకు దారితీసిన కోరికలలో పనిగంటలును ఒకటి.

పది గంటల లెక్క వచ్చిన పిమ్మట లూపులైనులో క్రొత్త దృశ్యమొకటి కానవచ్చెను. వంతులు కాచి కాచి డ్రైవరుకు గంటలు నిండవచ్చును. అతడు ముందుగనే కంట్రోలుకు ఎఱుకపఱచును. బదులు సిబ్బంది సమయమునకు అందినచో సరి, అందనిచో ఇంజనుతో సహా బండిని అచ్చటనే నిలిపివేయుదురు. దీనికి రైల్వేవారి మాట 'స్టేబుల్ చేయుట'. సిగ్నలు పచ్చగా నున్నను, పట్టాలు ఖాళీగా నున్నను, కదల్చు మనిషి లేడు! చూచువారు డ్రైవరు మొండివాడందురు. బదులు మనుష్యుల నేర్పఱచుకొనని వారి లెక్క తప్పు గాని, నిద్రకు తాళలేక దిగిపోయినవాని తప్పు కాదని నా అభిప్రాయము. సిగ్నలు రంగు గుర్తింపని కనులతో వేల టన్నుల బరువును నడిపించుట ఏ శాస్త్రము ఒప్పును?

ఇప్పుడు కాల్‌బాయ్ లాంతరు లేదు. పిలుపు సెల్‌ఫోనులో వచ్చును. ఎవరికి ఎన్ని గంటల విశ్రాంతి మిగిలియున్నదో కంప్యూటరు చెప్పును. గార్డు 2022 నుండి 'ట్రైన్ మేనేజరు' ఆయెను. పేరు పెద్దదయ్యెను గాని, బ్రేకువ్యాను కుదుపు అదియే.

గూడ్సులనిట్లు నిలిపివేయు మెయిన్‌లైను రద్దీ తగ్గుటకు మార్గము లేకపోలేదు. కాకినాడలో సరకు నింపుకొన్న బండి సామర్లకోట, రాజమండ్రి మెట్టు తొక్కకుండ, మా రామచంద్రపురము మీదుగా కోనసీమ దాటి నరసాపురము చేరి భీమవరము వైపు పోగల దారి కాగితముపై ఏనాడో కలదు. కోటిపల్లి నరసాపురముల నడుమ 57 కిలోమీటర్ల మార్గమునకు 2000-01లో అనుమతి వచ్చినది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలపై మూడు వంతెనలు కావలెను. పాతిక సంవత్సరములు గడచినను, కాకినాడనుండి వచ్చిన పట్టాలు కోటిపల్లి రేవున, గోదావరి ఒడ్డుననే ఆగియున్నవి.