నెలలు నిండకుండానే కాన్పు.. తెల్లబట్టతో లింకుందా? గర్భిణులు తెలుసుకోవాల్సిన విషయాలివే

తిరువూరు: ‘ఏడో నెల బిడ్డ బతుకుతాడు, ఎనిమిదో నెల బిడ్డ దక్కడు’.. తిరువూరు, గంపలగూడెం, విస్సన్నపేట ఊళ్లలోనే కాదు, తెలుగునాట ఎక్కడికెళ్లినా పెద్దవాళ్ల నోట వినిపించే మాటే ఇది. ఇందులో నిజం లేదు. కడుపులో గడిచే ప్రతి వారం బిడ్డకు బలమే. ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డకే బతికే అవకాశం ఎక్కువ.

37 వారాలు నిండకముందే జరిగే కాన్పును డాక్టర్లు ప్రీటర్మ్ అంటారు. మన లెక్కలో దాదాపు ఎనిమిదిన్నర నెలలు. 2020లో ప్రపంచవ్యాప్తంగా ఇలా సుమారు 1.34 కోట్ల మంది పిల్లలు పుట్టారని అంచనా. అందులో 30 లక్షలకు పైగా మన దేశంలోనే! ఐదేళ్లలోపు పిల్లల మరణాలకు మొదటి కారణం కూడా ఇదే.

కారణాలు చాలా ఉన్నాయి. బీపీ, కవలలు, రక్తహీనత, మూత్రంలో ఇన్ఫెక్షన్, గతంలో ఒకసారి ముందే కాన్పు కావడం.. ఇవన్నీ తెలిసినవే. సిగ్గుతో ఎవరూ బయటకు చెప్పుకోనిది మరొకటుంది. అదే యోనిలోని సూక్ష్మజీవుల తేడా.

మంచి బ్యాక్టీరియా ఏం చేస్తుంది?

యోనిలో బ్యాక్టీరియా ఉండటం జబ్బు కాదు. అక్కడ లాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే బ్యాక్టీరియా ఉంటుందని జర్మన్ డాక్టర్ ఆల్బర్ట్ డోడెర్లైన్ 1892లోనే వివరించారు. యోని గోడల్లోని గ్లైకోజెన్ నుంచి వచ్చే చక్కెరలను తిని ఇది లాక్టిక్ ఆమ్లాన్ని తయారు చేస్తుంది. ఆ పులుపుకు చెడు క్రిములు పెరగలేవు. గర్భంతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ పెరుగుతుంది కాబట్టి మామూలుగా ఈ కాపలా ఇంకా గట్టిపడాలి.

కొందరిలో అలా జరగదు. లాక్టోబాసిల్లస్ తగ్గి గార్డ్‌నెరెల్లా లాంటివి పెరుగుతాయి. దీన్నే బ్యాక్టీరియల్ వెజినోసిస్ అంటారు. పలుచగా, బూడిద రంగులో, చేపల వాసనతో తెల్లబట్ట కావడం దీని గుర్తు. సగం మందికి ఏ లక్షణమూ ఉండదు, అదే చిక్కు. ఈ క్రిముల ప్రభావం పైకి పాకితే వాపు మొదలై ఉమ్మనీటి సంచి పొరలు బలహీనపడతాయి. గర్భసంచి ముఖద్వారం మెత్తబడి, నొప్పులు ముందే వచ్చేస్తాయి.

అమెరికాలోని వర్జీనియాలో ముందుగా కాన్పయిన 45 మందిని, నెలలు నిండాక కాన్పయిన 90 మందిని పోల్చి చూశారు. ముందే కాన్పయిన వారిలో లాక్టోబాసిల్లస్ క్రిస్పేటస్ తక్కువగా కనిపించింది. 2019లో ‘నేచర్ మెడిసిన్’లో ఇది అచ్చయింది. అయితే వాళ్లలో ఎక్కువ మంది ఆఫ్రికన్ మూలాలున్న వారు, ఆ లెక్కను మన ఆడవాళ్లకు యథాతథంగా అతికించలేం. 2015లోనే గురుగ్రామ్ సివిల్ ఆసుపత్రిలో ‘గర్భిణి’ పేరుతో మన దేశపు అధ్యయనం మొదలైంది. వేల మంది గర్భిణులను కాన్పు దాకా గమనిస్తూ, యోని నమూనాలు కూడా తీసుకున్నారు.

మందు వేస్తే సరిపోతుందా?

ఇక్కడే అసలు ట్విస్ట్. వెజినోసిస్ ఉంటే ముప్పు దాదాపు రెట్టింపు అంటున్నారు. కానీ అది ఉన్నవారిలో ఎక్కువ మందికి నెలలు నిండాకే కాన్పవుతుంది. పోనీ, అందరికీ యాంటీబయాటిక్ ఇచ్చేస్తే? ఫ్రాన్స్‌లో అదీ చూశారు. ముప్పు తక్కువ ఉన్న గర్భిణులకు క్లిండమైసిన్ ఇచ్చినా మరీ ముందుగా అయ్యే కాన్పులు తగ్గలేదని 2018లో తేలింది. అందుకే ఏ ఇబ్బందీ లేని వారికి ఈ పరీక్ష అవసరం లేదంటున్నారు. లక్షణాలుంటే మాత్రం వైద్యం చేయించుకోవాల్సిందే. మెడికల్ షాపులో అడిగి సొంతంగా మాత్రలు వేసుకోవడం మాత్రం వద్దు.

పెరుగులోనూ లాక్టోబాసిల్లస్ ఉంటుంది కదా అని కొందరికి అనుమానం. కానీ క్రిస్పేటస్ వేరే రకం. పెరుగు తినడం మంచిదే, లోపల రాయడం మంచిది కాదు. సబ్బు, యాంటీసెప్టిక్ ద్రావణాలతో లోపల కడగడం ఇంకా ప్రమాదం. అది మంచి బ్యాక్టీరియానే చంపేస్తుంది.

నొప్పులు ముందే మొదలైతే..

కడుపు పదే పదే బిగుసుకోవడం, నడుం నొప్పి, కింద బరువుగా అనిపించడం, నీరు కారడం, రక్తం కనిపించడం.. వీటిలో ఏది ఉన్నా తెల్లారేదాకా ఆగకూడదు. 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులొస్తే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడేందుకు డెక్సామెథసోన్ ఇంజక్షన్లు ఇస్తారు. 12 గంటలకొకటి చొప్పున నాలుగు డోసులు. పెద్ద ఆసుపత్రికి పంపేముందు ఏఎన్ఎం కూడా మొదటి డోసు ఇవ్వొచ్చని కేంద్రం 2014లోనే మార్గదర్శకాలిచ్చింది. తిరువూరు నుంచి విజయవాడకు 70 కిలోమీటర్లకు పైనే. అంత దూరం వెళ్లాల్సి వచ్చినప్పుడు ఆ మొదటి డోసు ఎంత కీలకమో వేరే చెప్పక్కర్లేదు. మందు పని చేయడానికీ టైమ్ కావాలి మరి.

తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన ఆనవాయితీ. సరిహద్దు దాటి సత్తుపల్లి, ఖమ్మం వైపు వెళ్లేవారూ ఉంటారు. సరిగ్గా ముప్పు ఉండే నెలల్లోనే ఆసుపత్రి మారిపోతుంది. మదర్ అండ్ చైల్డ్ ప్రొటెక్షన్ కార్డు, మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ రిపోర్టు వెంట ఉండాలి. ఎన్ని వారాలో తేల్చేది ఆ స్కానింగే.

ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. తెల్లబట్ట గురించి అక్కడి డాక్టర్‌కు గానీ, ముందుగా ఊళ్లోని ఆశా కార్యకర్తకు గానీ చెప్పొచ్చు. అత్యవసరమైతే 108కి కాల్ చేయాలి.